వేలంలో కొన్న మేనల్లుడు, ఎవరూ మొక్కని మేనకోడలు

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ అందరూ నన్ను మొదట అడిగేది కంగారూ గురించి. చూశాను. ఒకదాన్ని రోడ్డు పక్కన, లారీ గుద్దిన తర్వాత చూశాను. రెండోదాన్ని తుండుగుడ్డ మీద బొమ్మగా చూశాను. అది ఇప్పుడు మా ఇంట్లో రేడియో మీద కప్పి ఉంది.

ఆ తర్వాత అడిగేది, వెళ్ళిన పని ఏమైందని. దానికి జవాబు కాస్త పొడుగు. నిలబెట్టి అడిగితే చెప్పగలిగేది కాదు కనక రాస్తున్నాను.

వెళ్ళిన పని దైవ పిలుపుల ప్రోత్సాహం. కథోలికులు కాని పాఠకుల కోసం ఒక మాట: గురువుగానో మఠకన్యగానో దేవుడి సేవకి వెళ్ళిపోవాలని ఒక మనిషికి లోపల్నుంచి అనిపించటాన్ని మేం పిలుపు అంటాం. గుంటూరు వైపు మా మేత్రాసనంలో, అంటే మా బిషప్పుగారి పరిధిలో, ఆ పిలుపుల కమిటీకి నేను కార్యదర్శిని. వారమంతా కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ఆదివారాలు ఊళ్ళు తిరిగి తల్లిదండ్రుల్ని ఒప్పిస్తాను. నిజానికి ఒప్పించే పని తక్కువ. మా ఊళ్ళలో తల్లులు ముందే ఒప్పుకుని ఉంటారు. కుర్రాడికి చివర్న చెబుతారు.

గురువులయ్యే చదువు చెప్పే మా సెమినరీలో మంచాలు చాలక కుర్రాళ్ళు వరండాలో పడుకుంటున్నారని ఎలాగో విని, సిడ్నీ శివార్లలో ఒక విచారణకి, అంటే ఒక గుడి పరిధికి, గురువైన ఫాదర్ కెవిన్ ఆ రహస్యమేమిటో ఎవరినైనా పంపి చెప్పించమని మా బిషప్పు మేత్రాణులవారికి రాశారు. వాళ్ళ దగ్గర మంచాలున్నాయి, పడుకునేవాళ్ళు లేరు. మేత్రాణులవారు నన్ను వెళ్ళమన్నారు. నాకున్న అర్హతలు రెండు. మా చెల్లెలి కుటుంబం ఆ విచారణలోనే ఉండటం ఒకటి, టికెట్టు మా బావ కొంటాననటం రెండోది.

బావ ఊరికే కొనలేదు. "పనిలో పని, మావాడితో కూడా ఒక మాట మాట్లాడి ఒప్పించి వెళ్ళు బావా" అని ఫోనులో అన్నాడు. 'మావాడు' అంటే నా మేనల్లుడు జేవియర్. వాడు పుట్టే రోజున చెల్లెలికి ప్రాణం మీదికొచ్చింది. ఆస్పత్రి వరండాలో నిలబడి బావ మొక్కుకున్నాడు: తల్లీ బిడ్డా బతికితే, పుట్టింది మగబిడ్డయితే, వాణ్ణి గురువుని చేస్తానని. ఇద్దరూ బతికారు. వాడికి రెండేళ్ళు నిండకుండానే వీళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. ఇప్పుడు వాడు స్కూలు ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. బావ ఉద్దేశంలో దేవుడు గడియారం చూసుకుంటున్నాడు.

విమానాశ్రయంలో విత్తనాల సమస్య

మా ఊరి సిస్టర్లు అక్కడివాళ్ళకి పంచమని గింజలతో గుచ్చిన జపమాలల మూట ఒకటి ఇచ్చారు. సిడ్నీలో దిగగానే ఒక అధికారి ఆ మూట విప్పాడు. ఆయన నిక్కరు వేసుకుని, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు తొడుక్కుని ఉన్నాడు. మా వైపు ఆ వేషంలో ఐదో తరగతి పిల్లలు తప్ప ఎవరూ కనపడరు కాబట్టి ఆయన హోదా నాకు అర్థం కావటానికి కొంత సమయం పట్టింది.

"ఇవేంటి మేట్?"

"ప్రార్థన చేసుకునే పూసలు."

"పూసలు కావు, గింజలు. మొలుస్తాయా?"

"మా సిస్టర్లు చాలా ఏళ్ళుగా చేస్తున్నారు. ఇంతవరకూ ఏదీ మొలవలేదు."

"మా నేల సంగతి మీకు తెలీదు" అని, జపమాలలన్నిటినీ ఒక డబ్బాలో పడేశాడు. తర్వాత గోంగూర పచ్చడి సీసా మూత తీసి వాసన చూశాడు. వెంటనే మూత పెట్టి, గౌరవంగా నా చేతికిచ్చేశాడు.

ఆ విధంగా, పిలుపులు మొలకెత్తించే పని మీద వచ్చినవాణ్ణి, విత్తనాలు ఉంచేసుకుని దేశంలోకి పంపించారు.

క్వేకర్స్ హిల్

క్వేకర్స్ హిల్ అనే ఆ శివారులో చెల్లెలి ఇల్లు ఎర్ర ఇటుకల కొత్త ఇల్లు. ఆ వీధిలో అన్నీ ఎర్ర ఇటుకల కొత్త ఇళ్ళే. మనుషులు మాత్రం కనపడరు. ఉన్నారనటానికి ఆధారం గడ్డి కోసే మిషను చప్పుడు. నేను రోజూ సాయంత్రం లుంగీ కట్టుకుని వీధి చివరిదాకా నడిచేవాణ్ణి. మూడో రోజు ఎదురింటాయన బయటికొచ్చి, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. ఊరికే నడుస్తున్నానంటే జాలిపడి, కారులో దింపుతానన్నాడు.

అక్కడ క్షవరానికి ఎనిమిది డాలర్లు. మన లెక్కలో వంద రూపాయల పైమాటే. ఆ డబ్బుకి గుంటూరులో నాకు ఏడాది పొడుగునా క్షవరం చేసి, ఊళ్ళో సంగతులన్నీ కూడా చెబుతారు. పొట్టేలు మాంసం మాత్రం చవక, బెండకాయలు ప్రియం. మా చెల్లెలు, పేరు ఆరోగ్యం, ఎవరైనా భోజనానికి వస్తే మాంసం మామూలుగా వండి, బెండకాయ వేపుడు గొప్పగా వడ్డిస్తుంది. గోంగూర దొరక్క పాలకూరలో నిమ్మకాయ పిండుకుంటారు. నేను తెచ్చిన పచ్చడి సీసా మొదటి భోజనంతోనే సగమైంది.

బావ పేరు బాలశౌరి. నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. పెద్దపిల్ల లూర్దు మేరి యూనివర్సిటీలో ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. తెలుగు బాగా మాట్లాడుతుంది. జేవియర్‌కి తెలుగు అంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది, చాలావరకు కారు కిందనుంచి. స్కూలు లేనప్పుడల్లా వాడు ఏదో ఒక కారు కింద ఉంటాడు.

మొదటి రాత్రి భోజనాల దగ్గర ఆరోగ్యం వాడితో అంది: "నిన్ను మావయ్య వేలంలో కొన్నాడు, తెలుసా?"

"వాట్?"

పాతికేళ్ళ లోపు పాఠకులకి కూడా చెప్పాలి. మా వైపు కొన్ని ఊళ్ళలో, మొక్కుకుని కన్న బిడ్డని పండగనాడు పూజ అయ్యాక గుడి మెట్ల మీద పడుకోబెడతారు. అంటే బిడ్డ ఇక గుడిది. సంఘం పెద్ద వేలం వేస్తాడు. మేనమామ పాడుకుని బిడ్డని తల్లి చేతికి తిరిగి ఇస్తాడు. డబ్బు గుడికి, బిడ్డ ఇంటికి. జేవియర్‌ని నేను పాడుకున్నాను. నాకు పోటీగా పాడింది మా పెదనాన్న. ఆయనకి బిడ్డ అక్కర్లేదు, నాకు చెమటలు పట్టించటం కావాలి.

"హౌ మచ్?" అన్నాడు వాడు.

"ఇరవై ఒక్క రూపాయలు. ఒక పెట్ట."

వాడు మనసులో డాలర్లలోకి మార్చుకున్నాడు. "దట్స్ నథింగ్, మావయ్యా!"

"పెట్టని తక్కువ చెయ్యకు. రోజూ గుడ్డు పెట్టేది" అన్నాను.

"నన్నెంతకి కొన్నారు మావయ్యా?" అంది లూర్దు.

"నిన్నెందుకు కొంటారే? నిన్ను ఎవరూ మొక్కందే!" అన్నాడు బావ. అందరం నవ్వాం. లూర్దు కూడా నవ్విందనే అనుకున్నాను.

"వేలం అయిపోయింది కదా బావా, ఆ మొక్కు తీరినట్టు కాదా?" అని అడిగాను.

బావ నవ్వు ఆపేశాడు. "అది ఊరి కోసం చేసిన వేడుక. నేను వరండాలో అన్న మాట వేరే. ఆ మాట తీరలా." తర్వాత కొంచెం తగ్గి, "వచ్చే వారం బ్రిస్బేన్ పోతన్నాం. సన్నీబ్యాంక్‌లో మనోళ్ళ ప్రార్థన కూటం ఉంది. ఒక మంచి కబురు చెబుతానని అందరికీ చెప్పి పెట్టా. ఈలోగా వాడి చేత ఊఁ అనిపించు" అన్నాడు.

వంటింట్లో ఆరోగ్యం నా కంచం అందుకుంటూ, "అన్నయ్యా, ఆ పని తొందరపడి చెయ్యబాక" అంది. ఎందుకో చెప్పలేదు.

మర్నాడు గారేజీలో వాడి పక్కన కూచుని నా వృత్తి ధర్మం నిర్వర్తించాను. వాడు ఓపిగ్గా విన్నాడు. అంతా విన్నాక, "ఐ డోంట్ మైండ్ గాడ్, మావయ్యా. బట్ ఐ లైక్ ఇంజిన్స్" అన్నాడు. ఇంజన్ల గురించి చెప్పటం మొదలుపెట్టి పొద్దుపోయేదాకా ఆపలేదు. ఇంత స్పష్టమైన పిలుపు నేను సెమినరీ ఇంటర్వ్యూల్లో కూడా వినలేదు.

ఉదయం పూజకి నన్ను రోజూ కారులో తీసుకెళ్ళింది లూర్దు. పూజ అయ్యాక నేను బయట ఎండలో నిలబడేవాణ్ణి, ఆమె లోపలే ఇంకాసేపు కూచునేది. డ్రైవింగు బాగా చేస్తోందని బావతో మెచ్చుకోలుగా చెప్పాను. పిలుపులు కనిపెట్టటంలో ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్న నేను గమనించింది అదీ.

ఫాదర్ కెవిన్ గారి హాలు

ఫాదర్ కెవిన్ డెబ్భైకి దగ్గర పడిన పొడుగాటి మనిషి. గుడి ముందు గడ్డి ఆయనే కోస్తాడు, ఫోను ఆయనే ఎత్తుతాడు, టీ ఆయనే కాస్తాడు. మా వైపు విచారణ గురువు టీ కాస్తే ఊళ్ళో ఆడవాళ్ళంతా పరువు పోయిందనుకుంటారు. ఇక్కడ ఆయన కాయకపోతే టీ ఉండదు.

ఆదివారం పూజ తర్వాత హాల్లో నా ఉపన్యాసం. కొబ్బరి పొడి అద్దిన చాక్లెట్టు కేకు ముక్కలు పెట్టారు. కొబ్బరిని ఇలా కూడా వాడొచ్చని తెలియక మా జిల్లా ఇంతకాలం పచ్చడి చేసుకుంటోంది. వచ్చినవాళ్ళలో యాభై దాటనివాళ్ళు మా చెల్లెలి కుటుంబమే.

నేను ధైర్యంగానే మాట్లాడాను. మా ఊళ్ళో గురుపట్టాభిషేకం అంటే పెళ్ళిని మించిన సంబరమనీ, మేళతాళాలతో కుర్రాణ్ణి ఊరేగిస్తారనీ, ఆ తల్లికి జీవితాంతం గుళ్ళో ముందు చోటు అనీ చెప్పాను. బిడ్డల్ని కడుపులో ఉండగానే మొక్కుతామని చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. అది మెచ్చుకోలు అనుకుని మరోసారి చెప్పాను.

చివర్న వెనక వరసలో ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. ఊలు టోపీ పెట్టుకుని ఉంది.

"నాకు ముగ్గురు మగపిల్లలు, లవ్" అంది, మన 'నాయనా' అన్నట్టు. "ముగ్గురూ మంచివాళ్ళే. ఇప్పుడు ఆలోచిస్తుంటే, వాళ్ళలో ఒక్కణ్ణీ ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నేను కూడా. మీ దగ్గర పిల్లల్ని ఎవరు అడుగుతారు?"

మా దగ్గర కూడా ఎవరూ అడగరు. వీళ్ళు వదిలేశారు, మేం మొక్కేశాం. అడగటం అనే పని మధ్యలో ఖాళీగా ఉండిపోయింది.

"మంచి ప్రశ్న" అన్నాను. క్లాసులో జవాబు తెలియనప్పుడు నేను అనే మాట అదే. రెండో వరసలోంచి లూర్దు నన్నే చూస్తోంది.

కొండ మీది మఠం

బ్రిస్బేన్‌కి రెండు రోజుల కారు ప్రయాణం. ఊరు దాటాక గంటలు గడిచినా గొర్రెలు తప్ప ఎవరూ కనపడలేదు. గొర్రెలు మాత్రం గుంటూరు జనాభాని మించి ఉన్నాయి. మన దగ్గర కారు ఆపితే ఐదు నిమిషాల్లో పదిమంది చేరి ఏమైందని అడుగుతారు. మా కారు కొండ ఎక్కుతూ పొగలు కక్కి ఆగినప్పుడు ఒక్క గొర్రె తలెత్తి చూసి, మళ్ళీ మేతలో పడింది.

బావ ఇంజనీరు కనక బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. జేవియర్ ఒక్కసారి చూసి, "రేడియేటర్ హోస్, డాడ్" అన్నాడు. ఆ రబ్బరు గొట్టాన్ని టేపుతో చుట్టి, నీళ్ళు పోసి, మెల్లగా నడిపితే దగ్గర్లో ఊరిదాకా వెళుతుందన్నాడు.

"దగ్గర్లో ఏ ఊరుంది?" అన్నాడు బావ.

"పైన ఒక మఠం ఉంది. చోటిస్తారు" అంది లూర్దు. "ఎడమవైపు తిరగాలి. గేటు దగ్గర గుంత ఉంటుంది, చూసుకో."

ఆరోగ్యం కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. గేటు దగ్గర నిజంగానే గుంత ఉంది.

మఠం ఒకప్పుడు పెద్ద స్కూలట. ఇప్పుడు అంత భవనంలో ఐదుగురు సిస్టర్లు. రబ్బరు బూట్లు వేసుకుని కోళ్ళకి మేత వేస్తున్న పెద్ద సిస్టర్ తలెత్తింది. మమ్మల్నందరినీ దాటి ఆవిడ చూపు లూర్దు దగ్గర ఆగింది.

"లూ! మళ్ళీ వచ్చావా! నీ గది అలాగే ఉంచాం."

బావ చేతిలో నీళ్ళ డబ్బా ఉంది. దాన్ని నేల మీద పెట్టటానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"ఏ గది?" అన్నాడు తెలుగులో.

"డాడీ, సెలవల్లో ఆస్పత్రి ట్రెయినింగ్ ప్లేస్‌మెంట్ అని చెప్పి వెళ్ళా కదా" అంది లూర్దు. "ఇక్కడికే వచ్చా. రెండుసార్లు. వీళ్ళు కొండ కింద ఆస్పత్రిలో ముసలివాళ్ళని చూసుకుంటారు. నాకూ వీళ్ళతో ఉండాలని ఉంది. ఎప్పటికీ."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు" అంది ఆరోగ్యం.

"ఇంక ఎవరికి తెలుసు?"

జవాబు కోళ్ళే చెప్పాయి. పిలుపుల కమిటీ కార్యదర్శికి తెలియదని చెప్పాలనిపించింది కాని, అది సందర్భం కాదు.

ఆ సాయంత్రం సిస్టర్ మోనికా, ఆ పెద్ద సిస్టర్ పేరు అదే, మాకు గుమ్మడికాయ సూపు, రొట్టె పెట్టింది. ఉప్పు లేదు. మిగిలిన గోంగూర సీసా నా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఒక సిస్టర్ రొట్టె మీద వెన్నలా మందంగా రాసుకుని కొరికింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం రాసుకుంది. పిలుపు ఉన్న మనిషి అంటే అలా ఉండాలి.

బావ మాత్రం ఏమీ తినలేదు.

సన్నీబ్యాంక్

మర్నాడు ఊళ్ళో కొత్త హోసు కొని బిగించుకుని బయల్దేరాం. బ్రిస్బేన్ చేరేదాకా బావ మాట్లాడిన మాటలు రెండు. పెట్రోలు బంకు దగ్గర "ఫుల్" అన్నాడు. సరిహద్దు దాటాక, "మొక్కింది వాణ్ణి" అన్నాడు.

సన్నీబ్యాంక్‌లో చైనావాళ్ళ దుకాణాలు అప్పుడే లేస్తున్నాయి. ఒకదాంట్లో బెండకాయలూ, కొత్తిమీరా, ఎండు రొయ్యలూ ఒకేచోట కనపడితే ఆరోగ్యం చీరల కొట్టులో నిలబడ్డట్టు నిలబడిపోయింది. కూటం పెట్టిన వాళ్ళింటి పెరట్లో ఒకవైపు, వాళ్ళు బార్బీ అనే నిప్పుల పొయ్యి మీద మాంసం కాలుతోంది, ఇంకోవైపు పులిహోర గిన్నె ఉంది. కోస్తా జిల్లాలనుంచి వచ్చిన కుటుంబాలు. మా కథోలికులూ, ఇతర సంఘాలవాళ్ళూ కలిసే చేసుకుంటారు. మన ఊళ్ళో ఒకరి గుడికి ఒకరు వెళ్ళరు. అక్కడ పులిహోర అందరినీ కలిపింది.

ప్రార్థన అయ్యాక ఇంటి యజమానురాలు, అందరూ గ్రేసాంటీ అనే ఆవిడ, "ఏదో గుడ్ న్యూస్ అన్నావు బాలశౌరీ, చెప్పవయ్యా" అంది.

బావ లేచాడు. జేవియర్ నా వైపు చూశాడు. ఏదో ఒకటి చెయ్యాలి కనక నేను కూడా లేచాను.

"బావా, నీకంటే ముందు నేనొక మాట చెప్పాలి. వీణ్ణి నేను వేలంలో కొన్నాను, నీ కళ్ళముందే. అప్పట్నుంచీ నువ్వు దేవుడికి ఇస్తానంటున్నది నా సొత్తు. నేను వీణ్ణి ఇంజన్లకి ఇచ్చేస్తున్నాను."

పెరడంతా నవ్వింది. బావ నవ్వలేదు.

"ఆ రోజు వరండాలో నువ్వు లేవు బావా" అన్నాడు. "లోపల్నుంచి డాక్టరమ్మ వచ్చి, ఇద్దర్లో ఒకళ్ళనే అడగమంది. నేను ఇద్దర్నీ అడిగా. ఇద్దర్నీ ఇచ్చాడు. ఇప్పుడు మాట తప్పితే, ఎవర్ని తీసుకుంటాడోనని నాకు రోజూ భయమే. పదిహేడేళ్ళుగా."

ఇన్నేళ్ళలో ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆరోగ్యానికి కూడా తెలియదని ఆమె మొహం చూస్తే తెలిసింది.

బావ లూర్దు వైపు తిరిగాడు. దారి పొడుగునా కారులో ఆయన ఆలోచించింది ఏమిటో అప్పుడు తెలిసింది. "అయితే ఒక పని చేద్దాం. అబ్బాయి బదులు అమ్మాయి. ఇది ఎట్టాగూ పోతానంటంది. పోనివ్వండి. మొక్కు తీరినట్టే. ఏమంటారు?"

అందరూ గట్టిగా ఊపిరి వదిలారు. "చక్కగా కుదిరిందమ్మా!" అంది గ్రేసాంటీ. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. కోరుకున్నది లూర్దుకి దొరికింది, జేవియర్ బతికిపోయాడు, నా పర్యటనకి ఫలితం వచ్చింది. నేను మనసులో నివేదిక రాసుకోవటం మొదలుపెట్టాను.

లూర్దు చేతిలో పళ్ళెం కింద పెట్టింది.

"నో, డాడీ."

"ఏంది నో? నువ్వు అడిగిందేగా ఇస్తన్నా!"

"వాడి బదులు నేను వెళ్ళను. నువ్వు దేవుణ్ణి వాడి కోసం అడిగావు, వాణ్ణిస్తానన్నావు. నన్ను ఎవరూ మొక్కలేదని నువ్వే అన్నావు కదా. దట్స్ ద బెస్ట్ థింగ్ ఎనీబడీ ఎవర్ సెడ్ టు మీ. నా అంతట నేను వెళ్ళొచ్చు. నీ మొక్కు కిందైతే నేను రాను. ఇంట్లోనే ఉండిపోతా."

"ఉండిపో, అయితే!" అన్నాడు బావ.

బార్బీ మీద మాంసం మాడిపోయింది. పెద్దవాళ్ళందరూ దాన్ని కాపాడే పని మీద ఒక్కసారిగా అటు వెళ్ళారు.

తిరుగు దారి

వెనక్కి వస్తూ మఠం దగ్గర ఆపమని ఎవరూ చెప్పలేదు. బావే ఎడమవైపు తిప్పాడు. గుంత చూసుకుని మరీ తిప్పాడు.

సిస్టర్ మోనికా ఈసారి నిచ్చెన ఎక్కి గోడకున్న వేడినీళ్ళ ట్యాంకుని స్పానరుతో కొడుతోంది. బావ నమస్కారం కూడా పెట్టకుండా, నిచ్చెన కింద నిలబడి మొదలుపెట్టాడు. వరండా, డాక్టరమ్మ, మొక్కు, అన్నీ ఇంగ్లీషులో, మధ్యలో తెలుగులో చెప్పేశాడు. ఆవిడ నిచ్చెన మీదే వింది.

"ఆ మాట ఇచ్చింది ఎవరు?" అంది చివర్న.

"నేనే."

"కుర్రాడు కాదు కదా?"

"అప్పటికి పుట్టలా సిస్టర్."

"అయితే వాడి మీద ఏముంది? మాటిచ్చినవాడు మీరు, తీర్చుకోవలసింది మీరు. ఇంకొకరి జీవితంతో తీర్చటానికి వీల్లేదు. తిరుసభ చట్టం కూడా అదే చెబుతుంది. మీ గురువుగారిని అడగండి." స్పానరు కిందికి చాచింది. "మీకు ఏం పని వచ్చు?"

బావ ఆ స్పానరు వైపు చూశాడు. "నీళ్ళ పని. పైపులు, పంపులు."

"దేవుడు మంచివాడు" అంది సిస్టర్ మోనికా. "మాకు చలికాలం నుంచీ వేడినీళ్ళు లేవు."

బావ చొక్కా చేతులు మడిచాడు. "జేవియర్! టూల్ బాక్స్!" అని కేకేశాడు. తండ్రీకొడుకులు ఆ గోడ దగ్గర సాయంత్రం దాకా ఉన్నారు. నేను స్పానర్లు అందించాను. సగం తప్పు స్పానర్లని తర్వాత తెలిసింది. పని మధ్యలో, కొడుకు వైపు చూడకుండా, బావ అడిగాడు: "స్కూలయ్యాక ఏం చేద్దామనుకుంటన్నావురా?" పదిహేడేళ్ళలో మొదటిసారి అనుకుంటాను. వాడు చెప్పాడు. గారేజీలో పని నేర్చుకుంటానన్నాడు. బావ చాలాసేపు నట్టు బిగిస్తూనే ఉండి, "సొంత షెడ్డు పెట్టుకునే ఆలోచన ఉంటే చెప్పు" అన్నాడు.

లోపల్నుంచి ఒక సిస్టర్ కేక వినపడింది. వేడినీళ్ళు వచ్చాయని. ప్రతి రెండు నెలలకీ ఒకసారి వచ్చి ట్యాంకూ పంపూ చూసిపోతానని బావ చెప్పాడు. ఊరికే రావక్కర్లేదంది సిస్టర్. "ఊరికే కాదు, మొక్కు" అన్నాడాయన.

బట్టలన్నీ తడిసిపోయి, వసారాలో బెంచీ మీద కూచున్నాడు. లూర్దు టీ తెచ్చి ఇచ్చింది. ఆయన కప్పు అందుకున్నాడు, ఆమె వెళ్ళిపోలేదు.

"ఇక్కడ చలెక్కువ" అన్నాడు ఆమెతో.

"తెలుసు డాడీ."

"కూరల్లో ఉప్పుండదు."

"తెలుసు."

"నీకు నిజంగా రావాలనుందా?"

"ఉంది."

ఆయన టీ సగం తాగాడు. తర్వాత సిస్టర్ మోనికాని పిలిచి, ఎప్పుడు తీసుకురమ్మంటారని అడిగాడు. ముందు డిగ్రీ పూర్తి చెయ్యాలి, తర్వాత ఒక ఏడాది వస్తూ పోతూ ఆలోచించుకోవాలి, అప్పుడు కూడా ఆమెనే అడుగుతాం, అంది ఆవిడ. మా దగ్గరైతే ఈపాటికి ట్రంకు పెట్టె సర్దేసేవాళ్ళం. వాళ్ళ భవనం ఎందుకు ఖాళీగా ఉందో నాకు అర్థమైంది. ఆ ఐదుగురూ అక్కడ అంత నిశ్చింతగా ఎందుకున్నారో కూడా అర్థమైంది. మా కమిటీ ఇకనుంచి పిల్లల్ని ముందు, తల్లుల్ని తర్వాత కలవాలని అక్కడే నిర్ణయించాను. ఇక్కడికి వచ్చాక అమలు చేశాను కూడా. సెమినరీ వరండాలో ఇప్పుడు ఎవరూ పడుకోవటం లేదు. కొందరు తల్లులు నాతో మాట్లాడటం లేదు. వచ్చిన కుర్రాళ్ళు మాత్రం సెలవలకి వెళ్ళి తిరిగి వస్తున్నారు.

బావకి ఇంకొక సందేహం మిగిలింది.

"మా వైపు పిల్లని మఠానికి పంపేటప్పుడు బంధువులంతా వచ్చి దిగబెడతారు సిస్టర్. ఒంటరిగా పంపం. మేళం కూడా ఉంటుంది. మేళం మానేస్తాం. మనుషులు రావచ్చా?"

"తప్పకుండా. ఎంతమంది?"

బావ మనసులో లెక్క వేసుకున్నాడు. సిడ్నీ, బ్రిస్బేన్, గ్రేసాంటీ వాళ్ళు. "ఒక అరవై."

సిస్టర్ మోనికా వంటింటి అలమర వైపు చూసింది. "మా దగ్గర ఎనిమిది కప్పులే ఉన్నాయి" అంది.

"ఫర్వాలేదు సిస్టర్" అన్నాడు బావ, కూతురి చేతికి ఖాళీ కప్పు ఇస్తూ. "కప్పులు మేం తెచ్చుకుంటాం."